సిస్టంలో అట్లా చూపిస్తోందండీ!

ఈ రోజుల్లో బ్యాంకుకు వెళ్ళినా, కరెంటు బిల్లు కట్టబోయినా, రేషను షాపు ముందు నిలుచున్నా మన చెవిన పడే మాట ఒకటున్నది. "అయ్యా, కిందటి నెలలోనే కట్టేశాను, ఇదుగో రసీదు" అని మనం చెయ్యి చాపుతాం. అవతలి గుమాస్తా రసీదు వంక చూడడు. ఎదురుగా వెలుగుతున్న తెర వంక చూస్తాడు. చూసి, పాపం, మర్యాదగానే, "సిస్టంలో అట్లా చూపిస్తోందండీ" అంటాడు. అంతటితో ఆ వ్యవహారం ముగిసినట్టే.

వెనుకటి రోజుల్లో ఈ స్థానంలో "పైనుంచి ఆర్డరండీ" అనే మాట ఉండేది. ఆ పైవాడు ఎంత కఠినుడైనా అతనికొక పేరుండేది, ఒక గది ఉండేది. గది బయట బెంచీ మీద పడిగాపులు పడితే ఎప్పటికో ఒకప్పటికి దర్శనమిచ్చేవాడు. ఈ సిస్టం అనేదానికి గది లేదు, బెంచీ అంతకన్నా లేదు. మొరపెట్టుకుందామంటే ముఖమే లేదు.

ఇంతకీ ఆ సిస్టం చూపించేది తప్పయితే ఏమవుతుంది? చాలాసార్లు ఏమీ కాదు. నాలుగు తిరుగుళ్ళు తిరిగితే సర్దుకుంటుంది. కాని ఒకచోట సర్దుకోలేదు. ఇరవై ఏళ్ళు సర్దుకోలేదు. ఆ ఇరవై ఏళ్ళలో దొంగతనమంటే ఎరగని మనుష్యులు దొంగలన్న ముద్ర వేయించుకున్నారు, ఇళ్ళు తాకట్టు పెట్టారు, జైళ్ళకు వెళ్ళారు. ఇదంతా జరిగింది ఏ మారుమూల రాజ్యంలోనో కాదు, న్యాయస్థానాలకు పేరెన్నికగన్న బ్రిటన్‌లో. లెక్కలూ దస్త్రాలూ కంప్యూటరుకు అప్పగించిన ప్రతి ఆఫీసువారూ తెలుసుకోదగ్గ కథ కనుక ఈ వారం అదే చెప్పుకుందాం.

మన పల్లెల్లో బ్రాంచి పోస్టాఫీసు ఎవరో ఒకరి ఇంటి అరుగు మీదనో, ముందు గదిలోనో నడవడం మనకు తెలిసినదే. బ్రిటన్‌లో కూడా చాలా పోస్టాఫీసులు దాదాపు అట్లాగే నడుస్తాయి. చిల్లర కొట్టు పెట్టుకున్న మనిషి అదే కొట్టులో ఒక పక్క తపాలా కౌంటరు నడుపుతాడు. అతన్ని సబ్‌పోస్టుమాస్టరు అంటారు. అతడు ప్రభుత్వోద్యోగి కాడు; ఒప్పందం మీద పనిచేసేవాడు. స్టాంపులు అమ్ముతాడు, పెన్షన్లు ఇస్తాడు, బిల్లులు కట్టించుకుంటాడు. తన అజాగ్రత్త వల్లగాని, పొరపాటు వల్లగాని నగదు తగ్గితే తన జేబులోనుంచి పూడ్చాలని ఆ ఒప్పందంలో ఉన్నది.

కాగితపు పుస్తకాలున్నంత కాలం ఇదేమంత భయంకరమైన షరతు కాదు. సాయంత్రం లెక్క చూసుకుంటే ఆరు పౌండ్లు తగ్గాయనుకోండి. పుస్తకం వెనక్కి తిప్పుతాడు. చిట్టాతో ఆవర్జా సరిచూస్తాడు. "ఇదుగో, ఇక్కడ 7ను 1 అనుకున్నాను" అని తేల్చుకుంటాడు. లెక్క ఎక్కడ తప్పిందో వెతికే సాధనం అతని చేతిలోనే ఉన్నది.

1999, 2000 సంవత్సరాల్లో ఆ పుస్తకాల స్థానంలో కంప్యూటర్లు వచ్చాయి. ఐ.సి.ఎల్. అనే కంపెనీ దాన్ని తయారు చేసింది. ఆ కంపెనీ జపానువారి ఫుజిత్సూ సంస్థది. ఆ ఏర్పాటుకు పెట్టిన పేరు హొరైజన్, అనగా దిగంతం. పేరుకు తగ్గట్టు దేశంలోని వేలకొద్దీ పోస్టాఫీసులు దాని కిందికి వచ్చాయి. ఇక లెక్క వేసేది యంత్రం. కౌంటరు దగ్గరి మనిషి చేయవలసిందల్లా మీట నొక్కడం, సాయంత్రం పెట్టెలోని రొక్కం తెర మీది అంకెతో సరిపోయిందో లేదో చూసుకోవడం.

సరిపోకపోతే? అక్కడే వచ్చింది చిక్కు.

వేల్స్‌లో లాండుడ్నో అనే సముద్రతీరపు పట్టణంలో ఆలన్ బేట్స్ అనే ఆయన 1998 నుంచి పోస్టాఫీసు నడుపుతున్నాడు. 2000 సంవత్సరంలో కొత్త యంత్రం వచ్చిన కొద్ది వారాలకే ఆయన లెక్కలో 6 వేల పౌండ్ల పైచిలుకు తేడా కనబడింది. దుకాణాల కంప్యూటర్లతో ఆయనకు అంతకుముందే పరిచయం ఉన్నది. కూర్చుని రాత్రులు రాత్రులు కాగితపు చుట్టలు విప్పి చూశాడు. కొన్ని పద్దులు రెండేసిసార్లు పడినట్టు పట్టుకున్నాడు. మిగతా తేడా కూడా ఎక్కడినుంచి వచ్చిందో చూడటానికి తనకు వీలు కల్పించండి, చూడలేని లెక్కకు నేను పూచీపడనని పైవారికి రాశాడు. ఒకటి కాదు, రెండు కాదు, ఎన్నో ఉత్తరాలు రాశాడు. 2003లో ఆయన ఒప్పందాన్ని రద్దు చేశారు. దుకాణంలో పెట్టిన పెట్టుబడి పోయింది.

బేట్స్ మొండివాడు గనుక నిలుచున్నాడు. అందరూ అట్లా నిలవలేరు. హాంప్‌షైర్ జిల్లాలో ఒక పల్లెటూళ్ళో కొట్టు నడుపుకునే జో హామిల్టన్ అనే ఆవిడ సంగతి చూడండి. తెర మీద 2 వేల పౌండ్లు తక్కువ చూపింది. సహాయం కోసం పెట్టిన టెలిఫోను నంబరుకు ఫోను చేసింది. ఆ మీట నొక్కండి, ఈ మీట నొక్కండి అని వాళ్ళు చెప్పారు. చెప్పినట్టే నొక్కింది. ఆవిడ కళ్ళ ఎదుటనే 2 వేలు 4 వేలయింది! ఆ 4 వేలూ ఆవిడే కట్టాలన్నారు. ఇల్లు తాకట్టు పెట్టింది. తరుగు పెరుగుతూ పెరుగుతూ 36 వేల పౌండ్లకు చేరింది. దొంగతనం కేసు పెట్టారు. తప్పుడు లెక్కలు రాశానని ఒప్పుకుంటే జైలు తప్పవచ్చునంటే ఒప్పుకున్నది. ఆ ఊరివారు మాత్రం ఆవిడ దొంగ అంటే నమ్మలేదు. చందాలు వేసుకుని పైకం పోగుచేశారు, కోర్టుకు కదిలివచ్చారు. ఊరు చెప్పినమాట కోర్టుకు తెలియలేదు; యంత్రం చెప్పినమాటే తెలిసింది.

మన దేశంనుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన సీమా మిశ్రా అనే ఆవిడ కథ మరీ దారుణం. లండనుకు దగ్గరలో వెస్ట్ బైఫ్లీట్ అనే ఊళ్ళో పోస్టాఫీసు తీసుకున్నది. తేడా 74 వేల పౌండ్లకు చేరింది. నేను తీయలేదు మొర్రో అని కడదాకా చెప్పింది. 2010 నవంబరులో 15 నెలల శిక్ష వేశారు. అప్పుడావిడ గర్భవతి. శిక్ష వేసిన రోజు పెద్దకొడుకు పదో పుట్టినరోజు.

ఇట్లాంటివారు ఒకరూ ఇద్దరూ కారు. 1999 మొదలు 2015 వరకు 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. అందులో 700 పైచిలుకు కేసులు పోస్టాఫీసు సంస్థ తానే నడిపింది. ఆ దేశంలో ఆ సంస్థే దర్యాప్తు చేయవచ్చు, ఆ సంస్థే కేసు పెట్టవచ్చు. డబ్బు రావలసింది దానికే, నేరం నిర్ణయించి కోర్టుకు లాగేదీ అదే. ఫోను చేసిన ప్రతి మనిషికీ ఒకే సమాధానం చెప్పేవారట: "ఇట్లా అంటున్నది మీరొక్కరే. ఇంకెవరికీ ఏ ఇబ్బందీ లేదు."

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్న సామెత మనకున్నది. యంత్రం చూపిందంటే మనిషిని జైల్లో కట్టెయ్యమనడం కూడా ఆ బాపతే. దీనికి అక్కడి చట్టం కూడా తోడైంది. 1984 నాటి చట్టం ప్రకారం కంప్యూటరు కాగితాన్ని సాక్ష్యంగా పెట్టేవారు ఆ కంప్యూటరు సరిగా పనిచేస్తూండినదని చూపాలి. ఇది చాదస్తం, ప్రతి చిన్న కేసుకూ ఇంత తతంగమెందుకని 1999లో ఒక చట్టం చేసి ఆ నియమాన్ని ఎత్తివేశారు. 2000 నుంచి అమలైంది. అంటే కంప్యూటరు సక్రమంగా ఉన్నదని ముందే అనుకోవాలి. కాదన్నవాడు రుజువు చేసుకోవాలి. పల్లెటూరి కొట్టులో స్టాంపులమ్మే మనిషి ఫుజిత్సూవారి యంత్రంలో తప్పెక్కడున్నదో ఎట్లా రుజువు చేస్తాడు?

విచిత్రమేమిటంటే అదే 2000లో మన దేశం ఎదురు దారి పట్టింది. ఐ.టి. చట్టం చేసినప్పుడు మన సాక్ష్య చట్టంలో 65-బి అనే సెక్షను చేర్చారు. కంప్యూటరు రికార్డు కోర్టులో పెట్టాలంటే అది సరిగా పనిచేస్తూండినదని ధ్రువపత్రం ఉండాలన్నారు. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షను కూడా ఆ ధ్రువపత్రాన్ని అడుగుతుంది. సంతోషమే. అయితే ధ్రువపత్రం విలువ దానిమీద సంతకం పెట్టేవాడి శ్రద్ధను బట్టి ఉంటుందని మరచిపోరాదు. కోర్టు దాకా పోని వేలాది తగాదాలు కౌంటరు దగ్గరే తెగిపోతాయి. అక్కడ ధ్రువపత్రం అడిగే నాథుడు లేడు.

సరే, అసలు యంత్రంలో తప్పులున్నాయా? ఉన్నాయి. అవి దయ్యాలూ భూతాలూ కావు. మనకు అర్థమయ్యే తప్పులే. స్కాట్లండులో ఫాల్కర్క్ పట్టణంలోని ఒక పోస్టాఫీసులో ఏం జరిగిందంటే, ఒక కౌంటరులో చేసిన మార్పు పక్క కౌంటరు తెరకు అందలేదు. అందలేదు గనుక గుమాస్తా మళ్ళీ చేశాడు. పద్దు రెండుసార్లు పడింది. ఈ తప్పు 2005లో పట్టుబడింది. ఉండటం 2000 నుంచీ ఉన్నది. అదే దేశంలో డాల్మెలింగ్టన్ అనే ఊళ్ళో 2015లో 8 వేల పౌండ్లు జమచేయబోతే తెర కదలక నిలిచిపోయింది. మీట మళ్ళీ మళ్ళీ నొక్కారు. 8 వేలూ నాలుగుసార్లు పడి 24 వేల తేడా తేలింది. కదలని తెర ముందు మనమైనా మీట మళ్ళీ నొక్కమూ? రైలు టిక్కెట్టు కొనేటప్పుడు ఎన్నిసార్లు నొక్కలేదు!

తప్పులుండటం నేరం కాదండీ. లక్షలకొద్దీ ఆజ్ఞలతో అల్లిన ప్రోగ్రాములో తప్పు లేకుండా ఉండటం మానవమాత్రులకు సాధ్యం కాదు. ఆ సంగతి చేసినవారికి తెలుసు. అందుకే ఫుజిత్సూ ఇంజనీర్లు "తెలిసిన తప్పులు" అని ఒక చిట్టా రాసిపెట్టుకున్నారు. ఏ ఆఫీసులో ఏ లోపం కనబడింది, దానికేం చేయాలి అని అందులో ఉన్నది. మంచి పద్ధతే! కాని ఆ చిట్టా ఎవరికి అవసరమో వారికి, అనగా తరుగు కడుతున్నవారికి, అది ఉన్నదనే తెలియదు. తరవాత కోర్టులో వ్యాజ్యం నడిచినప్పుడు కూడా దాన్ని వాదుల చేతికివ్వడానికి పోస్టాఫీసువారు మొదట ససేమిరా అన్నారు.

రెండో రహస్యం ఇంకా ఘోరమైనది. సబ్‌పోస్టుమాస్టరు లెక్కలో అతడు తప్ప మరెవరూ వేలు పెట్టలేరని సంస్థ సంవత్సరాల తరబడి చెబుతూ వచ్చింది. ఫుజిత్సూలో పనిచేసి వెళ్ళిపోయిన ఒక ఇంజనీరు 2015లో బి.బి.సి. కార్యక్రమంలో అసలు సంగతి బయటపెట్టాడు. దూరాన ఉన్న ఆఫీసులోనుంచే ఆ లెక్కల్లోకి వెళ్ళి పద్దులు మార్చడానికి వీలుండేదట. అక్కడి మనిషికి తెలియకుండానే. మన పెట్టె తాళంచెవి మరొకరి దగ్గర కూడా ఉన్నది. పెట్టెలో సొమ్ము పోతే మాత్రం మనమే దొంగలం!

మూడోది. లెక్క ఒప్పుకోనని చెప్పడానికి ఆ యంత్రంలో మీటే లేదు. నెలాఖరుకు లెక్క మూయాలి. మూస్తేనే మరునాడు కొట్టు తెరవగలడు. మూయాలంటే తేడా కట్టాలి, లేదా కడతానని ఒప్పుకోవాలి. అభ్యంతరముంటే టెలిఫోనులో చెప్పుకోవాలి. భయపడి "సరిపోయింది" అని రాసినవారి మీద తప్పుడు లెక్కల కేసు పడింది.

2009లో "కంప్యూటర్ వీక్లీ" అనే వారపత్రిక ఏడుగురి కథలు అచ్చువేసింది. నేనొక్కడినే అనుకుంటున్నవారు ఆ కథలు చదివి ఉలిక్కిపడ్డారు. ఆ ఏడాదే బేట్స్ వాళ్ళను ఒక పల్లెటూరి హాలులో సమావేశపరిచాడు. "మీరొక్కరే" అన్న మాట అబద్ధమని తెలుసుకోవడానికి పదేళ్ళు పట్టింది. తరవాత 555 మంది కలిసి దావా వేశారు. 2019 డిసెంబరులో జస్టిస్ ఫ్రేజర్ తీర్పు చెబుతూ, యంత్రంలో లోపాలున్నాయనీ, వాటివల్ల లెక్కలు తప్పగలవనీ, తప్పాయనీ తేల్చారు. సంస్థవారి వాదం భూమి బల్లపరుపుగా ఉన్నదని ఈ శతాబ్దంలో కూర్చుని వాదించినట్టున్నదన్నారు. అప్పుడు రాజీ కింద వచ్చిన 5 కోట్ల 77 లక్షల పౌండ్లలో అధికభాగం దావా ఖర్చులకే పోయింది. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలను కొట్టివేసింది; సీమా మిశ్రా, జో హామిల్టన్ అందులో ఉన్నారు. 2024 జనవరిలో టెలివిజనులో ఈ కథ నాటకంగా వచ్చి దేశమంతా అట్టుడికిన తరవాత, మే నెలలో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి మిగతావారిలో చాలామంది శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేసింది.

విచారణ సంఘం మొదటి నివేదిక 2025 జులైలో వెలువడింది. ఈ వ్యవహారం మూలంగా కనీసం 13 మంది ప్రాణాలు తీసుకుని ఉండవచ్చునని అందులో ఉన్నది. వారికి ఏ చట్టం ఏం తిరిగి ఇస్తుంది?

ఇక మన సంగతి. కంప్యూటర్లు వద్దని ఎవరూ అనరు. అన్నా ఎవరూ వినరు. వెయ్యి మంది గుమాస్తాల పని అవి క్షణంలో చేస్తున్నాయి. కాని యంత్రం కొనడం, జీతాలిచ్చి ఇంజనీర్లను పెట్టుకోవడం, ఇదే నిర్వహణ అనుకుంటే పొరపాటు. "ఈ లెక్క తప్పండీ" అని కౌంటరు దగ్గరి మనిషి అన్నప్పుడు ఆ ఆఫీసు ఏం చేస్తుందన్నదే అసలు నిర్వహణ. మీరు ఒక ఆఫీసుకు పెద్దలైతే, చిన్న బ్యాంకయినా, సహకార సంఘమయినా, ఆస్పత్రి అయినా, నాలుగు సంగతులు వాకబు చేయండి.

మీ యంత్రంలో ఇదివరకు దొరికిన తప్పుల చిట్టా ఉన్నదా? ఉంటే దాన్ని వాడేవారికి చూపిస్తున్నారా, బీరువాలో పెట్టి తాళం వేశారా? ఒక పద్దును ఎవరు, ఎప్పుడు, ఎక్కడినుంచి మార్చారో చెరగకుండా నమోదవుతోందా? లెక్క ఒప్పుకోనివాడు ఆ మాట నమోదు చేసుకుని, తేలేవరకు సొమ్ము కట్టకుండా ఉండే వీలున్నదా? తేడా వచ్చినప్పుడు దర్యాప్తు చేసేది ఆ తేడాతో లాభనష్టాలు లేని మనిషేనా? ఇందులో ఏ ఒక్కదానికి లేదని జవాబు వచ్చినా మీ ఆఫీసులో ఒక చిన్న హొరైజన్ ఉన్నట్టే.

మీరు గుమాస్తా అయితే ఒక్కటే మనవి. ఒకే ఫిర్యాదు మూడోసారి వచ్చినప్పుడు "మీరొక్కరే అంటున్నారు" అని మాత్రం అనకండి. ఒక కాగితం మీద తేదీ వేసి రాసిపెట్టండి. బ్రిటన్‌లో ఆ కాగితాలు కలిపి చదివే మనిషి పదేళ్ళ ముందు ఒక్కడున్నా కథ వేరుగా ఉండేది.

మీరూ నావలె కౌంటరుకు ఇవతలివారైతే రసీదులు పారవేయకండి. గుమాస్తా తెర వంక చూసి "సిస్టంలో అట్లా చూపిస్తోందండీ" అన్నప్పుడు కోపగించుకోకుండా, "అట్లా ఎందుకు చూపిస్తోందో చూసే వారెవరండీ?" అని అడగండి. ఆ మనిషి పేరు, గది నంబరు తెలిసేదాకా కౌంటరు వదలకండి. వెనక వరసలోనివారు విసుక్కోవచ్చు. విసుక్కోనివ్వండి, రేపు ఆ సమాధానం వారికీ కావలసి వస్తుంది.